42వ రోజు

ఎనిమిదేళ్లు వరుసగా అయ్యప్ప మాల వేసుకున్నాను. కార్తీకంలో వేసుకుంటే సంక్రాంతిలోపు కొండకు వెళ్లి వచ్చేవాడిని. ఆ 41 రోజులూ చుక్క ముట్టలేదు. తెల్లవారుజామున చన్నీటి స్నానం, నుదుట గంధం, ఒంటిపూట భిక్ష, నేల మీద పడక. కన్నతల్లి కూడా నన్ను పేరు పెట్టి పిలవకుండా ‘స్వామీ’ అనేది. ఆ నెలన్నరా మా ఆవిడ సాయంత్రం ఆరు దాటాక వీధి గుమ్మం వైపు చూడడం మానేసేది. కొండ నుంచి వచ్చి, గుడిలో మాల తీసి, ఇంట్లో అందరితో కూర్చుని భోంచేసి, చీకటి పడగానే చెప్పులు వేసుకునేవాడిని. అది 42వ రోజు. ఎనిమిదేళ్లలో ఒక్క ఏడాది కూడా దాన్ని దాటలేదు.

‘మాలలో ఉన్నన్నాళ్లు మానగలిగినవాడివి, తీశాక ఎందుకు మానలేవు? మనసుండాలి’ అని ఇంట్లో, ఆఫీసులో, పెళ్లిళ్లలో అందరూ అన్నారు. నేనూ అదే నమ్మాను. ఆ నమ్మకమే నన్ను నిలువునా ముంచింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానగలనని నాకు నేను చెప్పుకోవడానికి ఏటా ఒక రుజువు దొరికేది. మొదటి ఏళ్లలో మాల వేసుకున్న తొలి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవడం తప్ప ఇంకే బాధా లేదు. ఎనిమిదో ఏట మాత్రం మూడు రోజులు చేతులు వణికాయి. చలి అని సర్దిచెప్పుకున్నాను.

ఆ 41 రోజులు నన్ను నిలబెట్టింది ఏమిటన్నది చాలా కాలం తర్వాత గానీ అర్థం కాలేదు. భక్తి ఉంది, కాదనను. ఇప్పటికీ ఉంది. కానీ భక్తి మాల తీసిన రాత్రికి రాత్రే ఆవిరైపోదు కదా. ఆవిరైపోయేది మరొకటి. సాయంత్రం సన్నిధానంలో ఒకే రంగు బట్టలు కట్టిన ఇరవై మంది ఉండేవారు. నేను రాకపోతే ‘స్వామి ఇంకా రాలేదేమి’ అని గురుస్వామి మనిషిని పంపేవారు. టీ కొట్టు అబ్బాయి నుంచి బస్సు కండక్టరు దాకా నన్ను చూసిన ప్రతివాడికీ నేను వ్రతంలో ఉన్నానని తెలుసు. వైన్ షాపు మెట్లెక్కినా అక్కడివాడు అమ్మేవాడు కాదు. మాలతో పాటు ఆ ఇరవై మందీ, ఆ పిలుపూ, ఆ సాయంత్రాలూ ఒక్కసారిగా పోయేవి. చీకటి పడే వేళకు నేనొక్కడినే మిగిలేవాడిని.

తాగుడు వదలాలనుకునే మనిషికి లేనిది పట్టుదల అని మన ఇళ్లలో అనుకుంటారు. నా అనుభవంలో పట్టుదలకు లోటు లేదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, జేబులో డబ్బు లేకుండా, నాలుగు కిలోమీటర్లు నడిచి వెళ్లి అప్పు పెట్టి తాగి వచ్చిన మనిషికి పట్టుదల లేదని ఎవరైనా ఎలా అంటారు? లేనిది తోడు. తన సంగతి లోపలి నుంచి తెలిసిన నలుగురి తోడు.

ఒట్ల గురించి కూడా చెప్పాలి. అమ్మ మీద వేశాను, తులసికోట ముందు వేశాను, పెద్దవాడి తల మీద చెయ్యి పెట్టి వేశాను. పిల్లవాడి తల మీద ఒట్టు తప్పిన రోజు నుంచి వాడి కళ్లలోకి చూడలేకపోయాను. చూడలేక ఇంటికి ఆలస్యంగా వచ్చేవాడిని, ఆలస్యం కోసం మరింత తాగేవాడిని. ఒట్టు వేయించుకునేవారు ప్రేమతోనే వేయిస్తారు. కానీ తాగుడుకు మూలమైన సిగ్గుకు అది మరో బస్తా బరువు చేరుస్తుంది. దయచేసి పిల్లల తలల మీద ఒట్లు వేయించకండి.

ఆ ఒట్టు నిలబెట్టుకుందామని ఒకసారి నిజంగానే ఒక్క ఉదయం నుంచి పూర్తిగా ఆపేశాను. రెండో రోజు వంటింటి గడప దగ్గర మూర్ఛతో పడిపోయాను. ఎనిమిదో తరగతి చదివే కొడుకు నా చేతిలో తాళాల గుత్తి పెట్టి, రెండు చేతులతో గట్టిగా మూసి పట్టుకుని కూర్చున్నాడట. రోజూ ఎక్కువగా తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చని, ఆ తర్వాత ఒళ్లంతా వణకడం, లేనివి కనిపించడం, మతి తప్పడం జరగవచ్చని, చికిత్స లేకపోతే ప్రాణమే పోవచ్చని అప్పుడు డాక్టరు చెప్పారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు, కల్లు కాంపౌండ్లు రాత్రికి రాత్రి మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వచ్చిపడిన మనుషుల బాధ ఇదే. మొదటి వారం డాక్టరుది. నేను ముందు ముందు చెప్పబోయే, తాగుడు మానాలనుకునేవారి మీటింగు దానికి బదులు కాదు. నా మాటల్లో ఇంకేది మరిచినా ఇది మరవకండి.

తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. మాత్రలు, విటమిన్ ఇంజెక్షన్లు, మంచి నిద్ర. డిశ్చార్జి కాగితం అడుగున డాక్టరు చేత్తో ఒక వాక్యం రాశారు: ఏఏ మీటింగులకు వెళ్లాలి. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవారు ఒకచోట కూర్చుని తమ సంగతులు చెప్పుకునే సంఘం. కింద ఒక చిరునామా, ఒక ఫోను నంబరు. ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుని నాలుగు నెలలు తిరిగాను. అందులో మొదటి 20 రోజులు మాత్రమే తాగలేదు.

నాలుగు నెలల తర్వాత ఒక బుధవారం వెళ్లాను. చర్చి వెనక బడి. బోర్డు లేదు, బాణం గుర్తు లేదు. వాచ్‌మన్ ‘ఎవరి కోసమండీ’ అన్నాడు. ‘మా బంధువు కోసం’ అని చెప్పి వెనక్కి తిరిగి వచ్చేశాను. అటునుంచి అటే ఎక్కడికి వెళ్లానో చెప్పక్కర్లేదు. పది రోజులకు ఆ నంబరుకు ఫోను చేశాను. అవతలి మనిషి నా పేరు అడగలేదు, ఎంత తాగుతానని అడగలేదు. ‘ఈ రోజు తాగారా’ అన్నాడు. తాగానన్నాను. ‘పరవాలేదు, శనివారం ఏడింటికి రండి. గుమ్మం బయట చెప్పులు కనిపిస్తాయి, ఆ గది’ అన్నాడు.

చెప్పులు కనిపించాయి. ఆరో తరగతి గది. నల్లబల్ల మీద లెక్కల హోంవర్కు అలాగే ఉంది. పిల్లల బెంచీల్లో మోకాళ్లు ముడుచుకుని పదకొండు మంది పెద్ద మగవాళ్లు. రిటైరైన ఆర్టీసీ డ్రైవరు ఒకాయన ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నారు. అందరికీ నిండా పోశారు, నాకు సగం గ్లాసే పోశారు. కొత్తవాడిననేమో అనుకుని చిన్నబుచ్చుకున్నాను. ఆ సాయంత్రం మీటింగు అయ్యాక ఆయనే నన్ను ఆటోలో ఎక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. కొన్ని నెలలు గడిచాక ఆ సగం గ్లాసు సంగతి అడిగితే అన్నారు: ‘నీ చేతులు చూశాను నాయనా. నిండా పోస్తే ఒలుకుతుంది. పదిమందిలో ఒలికితే మళ్లీ రావు.’

అంతవరకు నాకు మంచి చెప్పినవారందరూ నాకంటే మెరుగైన మనుషులు. డాక్టర్లు, అన్నయ్య, మామగారు, గురుస్వామి. వాళ్లలో ఎవరూ నా చేతులు చూసి గ్లాసు సగానికి ఆపలేదు. ఆపాలని వాళ్లకు ఎలా తెలుస్తుంది? ఆ రోజు గదిలో ఒకాయన బియ్యం డ్రమ్ములో సీసా దాచిన సంగతి, బియ్యం కొలిచే వేళకు ముందే లేచి దాన్ని తీసిన సంగతి చెప్పాడు. లోకంలో ఆ పని చేసినవాడిని నేనొక్కడినే అనుకుని బతుకుతున్నాను. నాలుగేళ్లు మోసిన రహస్యాన్ని ముక్కూ మొహం తెలియని మనిషి మామూలు గొంతుతో చెప్పి కూర్చున్నాడు. ఎవరూ తల పట్టుకోలేదు, ఎవరూ నీతి చెప్పలేదు. తర్వాతి మనిషి తన సంగతి మొదలుపెట్టాడు. ఇష్టం లేకపోతే ఏమీ చెప్పకుండా వచ్చేయవచ్చు. నేను మొదటి ఐదు మీటింగులు నోరు విప్పలేదు.

ఆ మాటల తీరు ఎక్కడ మొదలైందో తర్వాత చదివి తెలుసుకున్నాను. 1935 మే నెలలో అమెరికాలోని ఆక్రన్ పట్టణానికి బిల్ విల్సన్ అనే న్యూయార్క్ స్టాక్ బ్రోకరు వ్యాపారం పని మీద వచ్చాడు. అప్పటికి కొన్ని నెలలుగా తాగడం లేదు. పని చెడింది. హోటల్లో ఒక పక్క బారు, మరో పక్క ఫోను. భయపడి ఫోను వైపు వెళ్లి, మాట్లాడడానికి మరో తాగుబోతు కావాలని ఊళ్లో వాకబు చేశాడు. అవతలివాడిని బాగుచేయడానికి కాదు, తాను ఆ రాత్రి తాగకుండా ఉండడానికి. అలా దొరికినవాడు బాబ్ స్మిత్ అనే సర్జను. 15 నిమిషాలకు మించి కూర్చోనని ఒప్పుకుని వచ్చిన ఆ డాక్టరు ఆరు గంటలకు పైగా కూర్చున్నాడు. మద్యం కాలేయాన్ని ఏం చేస్తుందో సర్జనుకు ఒకరు చెప్పాలా? ఆయనకు లేనిది ఆ చదువు కాదు. తర్వాత ఒక వైద్య సదస్సుకు వెళ్లి ఆయన మళ్లీ తాగాడు కూడా. జూన్ 10 ఆయన చివరిసారి తాగిన రోజు. ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కపెట్టేది దాన్నే. మన దేశంలో ఇది 1957లో ఢిల్లీలో మొదలైంది.

‘ఇన్నేళ్లయింది కదా, ఇంకా ఆ మీటింగులకు ఎందుకు వెళ్తావు’ అని మా అన్నయ్య ఇప్పటికీ అడుగుతాడు. ఆక్రన్ కథే నా జవాబు. కొత్తగా వచ్చినవాడు నాకు అవసరం. అతని చేతులు చూస్తే నా చేతులు గుర్తొస్తాయి.

మన తెలుగువారికి మద్యంతో పోరాటం కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించడంతో రాష్ట్రమంతా కదిలింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఎత్తేశారు. ఆ తల్లుల పోరాటానికి చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే ఒకటి అడగాలి. ఆ నిషేధం నడిచిన కాలంలో, అప్పటికే అలవాటు ముదిరి రోగమైన మగవాడు సాయంత్రం ఏడింటికి ఎక్కడ కూర్చోవాలో ఎవరైనా చెప్పారా? అప్పటి నుంచి ఇప్పటివరకు ప్రతి ఎన్నికలోనూ దుకాణం తెరవాలా, మూయాలా, ప్రభుత్వం అమ్మాలా, ప్రైవేటువారు అమ్మాలా అన్నదే చర్చ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవారిలో మద్యం తాగేవారు తెలంగాణలో 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం. 2019లో ఎయిమ్స్ నిపుణులు ఇచ్చిన జాతీయ నివేదిక, దేశంలో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని లెక్క తేల్చింది. మిగతా 37 మంది ఇళ్లలో ఏం జరుగుతోందో నాకు తెలుసు. ఒట్లు జరుగుతున్నాయి.

ఇంకా ఘోరాలూ జరుగుతున్నాయి. ‘తెలియకుండా కూరలో కలపండి, మందు మానేస్తాడు’ అంటూ పొడులు అమ్ముతున్నారు. అందులో డైసల్ఫిరామ్ లాంటిది ఉంటే, అది తెలియక ఆ మనిషి తాగితే, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు పర్యవేక్షణలో, తాగే మనిషికి చెప్పి ఇచ్చే మాత్ర అది. మరోవైపు లక్ష రూపాయలు తీసుకుని గొలుసులతో కట్టి ఉంచే ‘కేంద్రాలు’. మనిషిని గొలుసులతో బంధించడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. మా గదిలో డబ్బు సంగతి ఇలా ఉంటుంది: చివర్లో ఒక గుడ్డ సంచి తిరుగుతుంది, ఉన్నవారు పదో ఇరవయ్యో వేస్తారు, గది అద్దెకు, టీకి సరిపోతుంది. కొత్తవారిని వేయనివ్వరు. బయటివారి విరాళాలు తీసుకోరు. ఏఏ పేరు చెప్పి ఫీజు అడిగితే అది ఏఏ కాదు.

దీనివల్ల నిజంగా ఉపయోగం ఉందా అని అడిగేవారికి ఒక లెక్క. 2020లో, వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, వాటిలోని 10,565 మంది వివరాలను కలిపి చూసింది. ఏఏకు దారి చూపే చికిత్స పొందినవారిలో ఏడాది తర్వాత పూర్తిగా మద్యానికి దూరంగా ఉన్నవారు 42 శాతం. ఇతర చికిత్సల్లో 35 శాతం. నూరు మందిలో 42 అంటే 58 మంది నిలవలేదనే కదా. నేను దాచను. మా గదిలో కూడా వెళ్లిపోయినవారు ఉన్నారు, చనిపోయినవారు ఉన్నారు. కానీ తప్పి తాగినవాడు మర్నాడు తిరిగి వస్తే అతనికి కుర్చీ ఉంటుంది. ఒట్టు తప్పినవాడికి ఇంట్లో దొరకనిది ఆ కుర్చీ.

మతం మాట. చర్చి వెనక గది కాబట్టి ఇది క్రైస్తవుల వ్యవహారమని కొందరు వెనకాడతారు. మేము అద్దె కట్టి కూర్చుంటున్నాం, అంతే. పాస్టరు రాడు. ఏఏ చూపే దారిని 12 మెట్లు అంటారు, వాటిలో దేవుడి ప్రస్తావన ఉంది, ఎవరికి అర్థమైన దేవుడు వారికి అని స్పష్టంగా ఉంది. చివర్లో చిన్న ప్రార్థన చేస్తాం. మాలో ఒక హేతువాది ఉన్నాడు, ఆ సమయంలో కళ్లు తెరిచే నిలబడతాడు. నాకంటే ఎక్కువ ఏళ్లుగా తాగడం లేదు. అయినా ప్రార్థన మాట వింటేనే మనసు ఒప్పని వారుంటే వారి బాధ నిజమైనదే. దేవుడి ప్రసక్తి లేని స్మార్ట్ రికవరీ అనే పద్ధతి 1994 నుంచి ఉంది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఏ గదైనా సరే, గదంటూ ఒకటి ఉండాలన్నది నా వాదన.

‘తెలిసినవాళ్లు చూస్తే?’ ఈ భయమే అందరికంటే పెద్ద శత్రువు. నాకూ జరిగింది. మూడో మీటింగులో తల ఎత్తితే ఎదురుగా మా ఆఫీసుకు తరచూ వచ్చే మనిషి. ఇద్దరం ఒక్క క్షణం బిగుసుకుపోయాం. టీ తాగేటప్పుడు ఆయనే దగ్గరికి వచ్చి, ‘నన్ను ఇక్కడ చూసినట్టు మీరు ఎక్కడా చెప్పరు. నేనూ అంతేనండి’ అన్నారు. ఇన్నేళ్లలో ఆ మాట తప్పలేదు. అయినా నేను తాగి మురుగు కాలువ పక్కన పడి ఉన్నప్పుడు వీధి వీధంతా చూసింది. అప్పుడు పోని పరువు మానేస్తుంటే పోతుందా?

గది వెతుక్కోవడానికి: హైదరాబాద్, సికింద్రాబాద్, విజయవాడ, విశాఖపట్నంలలో మీటింగులు జరుగుతాయి. ఏఏ ఇండియా వెబ్‌సైటులో వివరాలు, ఫోను నంబర్లు ఉంటాయి. వేళలు, గదులు మారుతుంటాయి కాబట్టి ముందు ఫోను చేసి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంలో కౌన్సెలరును అడిగినా చెబుతారు. కేంద్ర ప్రభుత్వ డీఅడిక్షన్ నంబరు 14446, మానసిక ఆరోగ్య సహాయానికి టెలీ మానస్ నంబరు 14416, రెండూ ఉచితం. మీ ఊళ్లో గది లేకపోతే ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి, లాక్‌డౌన్ నుంచి బాగా పెరిగాయి. విదేశాల్లో ఉండే మనవాళ్లకు ఇంటి మాటలో ఏడవడానికి ఒక చోటు కావాలంటే అదే దారి. మొదటిది నచ్చకపోతే ఒక్కదానితో తీర్పు చెప్పకండి. ఒక గదిలో ఒకరే గంటసేపు మాట్లాడతారు, ఇంకో గదిలో మనసుకు తగిన మాట దొరుకుతుంది. ఆరు మీటింగులైనా చూడండి.

ఆడవాళ్లకు ఇది ఇంకా కష్టం. తెలంగాణలో దాదాపు 7 శాతం మహిళలు మద్యం తాగుతారని ఆ 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేనే చెబుతోంది, మా గదిలో మాత్రం ఇన్నేళ్లలో ఇద్దరే ఆడవాళ్లను చూశాను. ఒకామె రెండోసారి రాలేదు. పదిహేను మంది మగవాళ్ల మధ్య ఏం చెప్పుకుంటుంది? ఆడవాళ్లకే ప్రత్యేకమైన ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి. మా గది మాత్రం ఆమెకు తగినట్టు మారలేదు, ఆ తప్పు మాదే. ఇక తాగేవారి ఇంటివాళ్లకు 1951లో మొదలైన అల్-అనాన్ ఉంది. మా ఆవిడ నాకంటే ఎనిమిది నెలలు ఆలస్యంగా అక్కడికి వెళ్లింది. మొదటి రోజు తిరిగి వచ్చి, ‘నీ తాగుడుకు కారణం నేను కాదట. నేను ఆపలేనట కూడా’ అంది. అని, చాలాసేపు వరండాలో ఒక్కతే కూర్చుంది. పదహారేళ్లు తన తప్పేమిటో వెతుక్కుంటూ ఉందని నాకు అప్పటివరకు తెలియదు.

పోయిన జనవరిలో, సంక్రాంతి వెళ్లిన శనివారం, మా పాత గురుస్వామి ఫోను చేసి గది ఎక్కడో అడిగారు. ఏడింటికి ఆయనే వచ్చారు, వెంట ముగ్గురు. అదే రోజు మధ్యాహ్నం మాల తీశారు. నల్లబట్టలు మార్చుకున్నారు గానీ మెడ చుట్టూ మాల ఒరిపిడి గుర్తు ఇంకా ఉంది. గురుస్వామి లోపలికి రాలేదు. మీటింగు అయ్యేదాకా బయట చెప్పుల దగ్గర నిలబడ్డారు. ముగ్గురూ వెనక బెంచీలో కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. టీ తాగారు. తర్వాతి శనివారం వాళ్లలో ఒకతను వచ్చాడు. మిగతా ఇద్దరి నంబర్లు నా దగ్గర ఉన్నాయి, సాయంత్రాలు ఫోను చేస్తున్నాను. ఒకతను ఎత్తుతున్నాడు.